పార్కిన్సన్స్‌లో మనిషి ఒక పక్కకి ఒరిగిపోతుంటే: అనంతపురంలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో ఫిజియోథెరపీ చేస్తాను, ఎక్కువగా ఇళ్ళకే పోయి చేస్తాను, సగం టౌన్‌లో, సగం ధర్మవరం తాడిపత్రి గుత్తి వైపు. పార్కిన్సన్స్ అంటే చేతులు వణికి, ఒళ్ళు బిగుసుకుపోయే మెదడు జబ్బు. అది ఉన్న ఇంటికి పోతే వణుకు గురించి పెద్దగా అడగరు, దాని గురించి డాక్టర్ ముందే చెప్పేసి ఉంటాడు. "మేడమ్, ఈయన ఎందుకిట్లా ఒక పక్కకి పడిపోతాండాడు, మాకెవురూ చెప్పలేదే" అనేది మాత్రం ప్రతి మూడో ఇంట్లో వింటాను. అడిగినవన్నీ ఒకచోట రాసిపెడితే ఫోన్‌లో పంపడానికి పనికొస్తుంది కదా అని రాస్తున్నా. నేను మందులు రాసే మనిషిని కాదు, మందుల సంగతి వచ్చిన చోట డాక్టర్‌ని ఏమడగాలో మాత్రం చెప్తాను.

మా నాయనకి డెబ్బై ఏండ్లు. ఒక పక్కకి ఒరిగి నడుస్తాండాడు. వయసైపోయి అట్లైందా, పార్కిన్సన్స్ వల్లా?

వయసైతే మనిషి ముందుకి వంగుతాడు, అది చానామందిలో చూసేదే. పక్కకి ఒరగడం మాత్రం ఊరికే వయసు మీద తోసేసేది కాదు. పార్కిన్సన్స్ ఉన్నాయన నిలబడితే ఒక భుజం కిందికి జారి, ఆ పక్క చెయ్యి మోకాలి దాకా వేలాడి, పంచె అంచు ఒక పక్క నేలకి తగులుతుంటే అది ఆ జబ్బులో భాగం అయ్యుండొచ్చు, వాడే మాత్రల వల్ల అయ్యుండొచ్చు, రెండూ కలిసి కూడా అయ్యుండొచ్చు.

మనవాళ్ళు చేసే పొరపాటు ఏందంటే ప్రతిదానికీ చేసిన పని మీద నెపం వేస్తారు. ధర్మవరంలో అయితే "మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని", రిటైరైన కండక్టర్ అయితే "ముప్పై ఏండ్లు బ్యాగు ఒక భుజానికే తగిలించి", రైతు అయితే "మూటలు మోసి". ఇట్లా చెప్పుకుంటూ రెండేళ్ళు పోతాయి, ఈ సమస్యలో ఆ రెండేళ్ళే చానా విలువైనవి.

ఇది మా ఇంట్లోనేనా, ఇంకెవరికైనా ఉందా?

చానామందికి ఉంది. ఇటలీలో 1,631 మంది పార్కిన్సన్స్ పేషంట్లను చూసిన ఒక పెద్ద అధ్యయనంలో 8.8 శాతం మందికి ఈ పక్కకి ఒరగడం కనబడింది, అంటే వందలో సుమారు తొమ్మిది మంది. వయసు ఎక్కువున్నవాళ్ళు, జబ్బు వచ్చి చానా ఏళ్ళైనవాళ్ళు, సన్నగా ఉన్నవాళ్ళు వాళ్ళల్లో ఎక్కువ. పడిపోవడం కూడా వాళ్ళల్లోనే ఎక్కువ.

దీనికి పేరేమన్నా ఉందా? డాక్టర్ ఏదో టవర్ పేరు చెప్పినాడు.

పీసా సిండ్రోమ్. ఇటలీలో పీసా ఊర్లో ఒరిగిన గోపురం ఉంది కదా, ఆ పేరే. 1972లో ఎక్‌బోమ్ అనే డాక్టర్, ఆయనతో పనిచేసేవాళ్ళు మొదట రాసినారు, అప్పుడు వాళ్ళు చూసింది పార్కిన్సన్స్ వాళ్ళని కాదు, మతిమరుపు జబ్బుకి మానసిక మందులు వాడుతున్న ఆడవాళ్ళని. అంటే ఈ పేరు పుట్టిందే మందుల వల్ల వచ్చిన ఒరుగుడుకి, ఇది గుర్తుపెట్టుకోండి, కింద మాత్రల దగ్గర పనికొస్తుంది.

పక్కకి కాకుండా నడుం దగ్గర ముందుకి మడత పడినట్టు వంగిపోతే దాన్ని క్యాంప్టోకార్మియా అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం టైంలో సైనికులు అట్లా వంగిపోతుంటే ఫ్రాన్స్ డాక్టర్లు పెట్టిన పేరు. మెడ ఒక్కటే ముందుకి వాలి గడ్డం ఎదకి తగులుతుంటే యాంటీరోకాలిస్. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడే ఒళ్ళు ముందుకి వంగడం గురించి రాసినాడు, కాబట్టి ఇదేమీ కొత్తగా పుట్టింది కాదు. ఒకే మనిషిలో రెండు రకాలు కలిసి కూడా ఉంటాయి, ముందుకి కొంచెం, పక్కకి కొంచెం.

ఎంత వంగితే జబ్బు అనుకోవాలి?

2022లో ప్రపంచంలో ఈ జబ్బు చూసే డాక్టర్లు కూర్చుని లెక్క ఒప్పుకున్నారు. పక్కకి 10 డిగ్రీలు దాటితే పీసా. ముందుకి, నడుం కింది భాగం నుంచి వంగితే 30 డిగ్రీలు దాటాల, వీపు పైభాగం నుంచి వంగితే 45 దాటాల, మెడ కూడా 45 దాటాల.

డిగ్రీలంటే మనకేం తెలుసు అంటారా, గోడ గడియారం చూడండి. పన్నెండు దగ్గర నిటారుగా ఉన్న ముల్లు ఒక నిమిషం గీత జరిగితే 6 డిగ్రీలు. అంటే పీసాకి రెండు నిమిషాల గీతలు కూడా అక్కర్లేదు. ఒంటిగంట అంకె దగ్గరికొస్తే 30, ఒకటికీ రెండుకీ సరిగ్గా మధ్యకి వస్తే 45. ఇంకో తమాషా ఏందంటే ఆ పీసా గోపురం ఇప్పుడు ఒరిగి ఉండేది 4 డిగ్రీల దగ్గరే, రిపేర్లు చేయకముందు కూడా ఐదున్నరే. మన పేషంట్లు దానికి డబల్ ఒరిగి కూడా నడుస్తాంటారు, మన టవర్‌క్లాక్ అంత ఒరిగితే కింద అంగళ్ళు ఎప్పుడో ఖాళీ చేసేవాళ్ళు.

ఇంట్లో కొలవడానికి పెద్ద సామాను వద్దు. పైన చిలక్కొయ్యకి దారం కట్టి కింద తాళంచెవో నట్టో ఏదో బరువు కట్టి వదలండి, గోడ కట్టేటప్పుడు బేల్దారి వదుల్తాడే గుండు, అట్లా. ఆ దారం ముందు మనిషిని వీపు మనవైపు పెట్టి నిలబెట్టి, చొక్కా తీసి, ఒక నిమిషం అట్లే ఉండనిచ్చి ఫోటో తీయండి. వెంటనే తీయొద్దు, నిలబడిన మొదటి క్షణంలో అందరూ బిగబట్టి నిటారుగా నిలబడతారు, తర్వాతే మెల్లగా జారుతారు. నెలకోసారి అదే చోట, అదే టైంలో, మాత్ర వేసుకుని గంటైనాక తీసి పెట్టుకోండి. డాక్టర్ రూంలో ఐదు నిమిషాల్లో కనబడనిది ఆరు నెలల ఫోటోల్లో కనబడుతుంది.

మంచం మీద పడుకుంటే పూర్తిగా సరిపోతాడు, లేస్తే మళ్ళీ ఒరుగుతాడు. మా అత్త అయితే నాటకం అంటాంది.

నాటకం కాదు. పీసా సిండ్రోమ్ అని గుర్తుపట్టేదే దాంతో. పడుకోబెడితే, లేదా మనం చేత్తో మెల్లగా సరిచేస్తే వెన్ను నిటారు అవుతుంది అంటే ఎముక ఇంకా వంకర తిరగలేదు, కండరాలకి మెదడు నుంచి వచ్చే లెక్క తప్పింది అని అర్థం. ఇది మంచి వార్త, నిజంగా చెప్తున్నా. నేను ఏ ఇంటికి పోయినా మొదట చేసేది ఇదే, నేల మీద చాప వేసి వెల్లకిలా పడుకోమని ఐదు నిమిషాలు చూస్తాను. మొదట్లో కొంచెం బిగుసుకుని ఉంటారు, మెల్లగా వదులైపోయి వెన్ను చాపకి ఆనుతుంది.

పడుకున్నా సరిపోవట్లేదు అంటే రెండు దారులు. చానా కాలం ఒరిగి ఉండి ఒక పక్క కండరాలు పొట్టిగా గట్టిపడిపోయి ఉండొచ్చు, లేదా అసలు వెన్నుపూసే వంకరగా ఉండొచ్చు, దాన్ని స్కోలియోసిస్ అంటారు. స్కోలియోసిస్‌లో వెన్నుపూసలు పక్కకి వంగడమే కాకుండా మెలి తిరుగుతాయి, ముందుకి వంగి కాళ్ళు తాకమంటే వీపు ఒక పక్క గూనిలాగా పైకి లేచి కనబడుతుంది, ఎక్స్‌రేలో తేలిపోతుంది. పార్కిన్సన్స్ వాళ్ళలో స్కోలియోసిస్ కూడా ఉంటుంది, రెండూ కలిసి ఉంటే మాత్రం పాపం చానా ఇబ్బంది.

ఎక్స్‌రే తీయించేటప్పుడు నిలబెట్టి ఒకటి, పడుకోబెట్టి ఒకటి తీయమని అడగండి. పడుకోబెట్టి తీసింది ఒక్కటే చేతిలో పెట్టి "వెన్ను బాగుంది పోండి" అని పంపించేసిన వాళ్ళని చూసినా నేను. పడుకుంటే బాగుండడమే కదా ఇక్కడ కథ.

అసలు ఎందుకొస్తుంది?

ఒక్క కారణం అని ఎవరూ తేల్చలేదు, కొన్ని కలిసి వస్తాయి. పార్కిన్సన్స్ మొదట్నుంచీ ఒక పక్కే ఎక్కువగా ఉండే జబ్బు, చేతి వణుకు చూడండి, ఒక చేతికే మొదలవుతుంది. ఒళ్ళంతటినీ నిలబెట్టే కండరాలకి మెదడు లోపలి నుంచి రెండు పక్కలకీ సమానంగా ఆర్డర్లు పోవాల, అవి సమానంగా పోకపోతే ఒక పక్క బిగుస్తుంది, దీన్ని డిస్టోనియా అంటారు. వెన్ను పక్కన ఉండే కండరాలే నీరసించి సన్నబడడం ఇంకోటి, ముందుకి వంగేవాళ్ళలో ఇది ఎక్కువ. మూడోది మనిషికి తాను ఒరిగినట్టే తెలియకపోవడం. దాని గురించి కిందనే చెప్తా, ఎందుకంటే ఇంట్లో గొడవలన్నీ దాని వల్లే.

ఏ పక్కకి ఒరుగుతారు అని కూడా అడుగుతారు. జబ్బు ఎక్కువున్న పక్కకే ఒరిగేవాళ్ళున్నారు, రెండో పక్కకి ఒరిగేవాళ్ళూ ఉన్నారు. ఏ పక్క అనేదాన్ని బట్టి చేసేదేం మారదు.

"నిటారుగా నిలబడు" అని రోజుకి వందసార్లు చెప్తాన్నా వినడు. మొండితనమా?

తాడిపత్రి వైపు ఒక ఊర్లో ఒకాయన ఉన్నాడు, జీవితమంతా బేల్దారి పని. కట్టిన గోడ వంకర వస్తే కూలగొట్టి మళ్ళీ కట్టే రకం. ఆయనకి కుడి పక్కకి బాగా ఒరుగుడు వచ్చింది. కొడుకు రోజూ "నాయనా, వంకర నిలబడినావు" అంటే ఆయన గోడ వైపు చూపించి "ఆ గోడ వంకర ఉందిరా, ఎవుడు కట్టినాడో" అనేవాడట. కొడుకు నవ్వుతా చెప్పినాడు నాకు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పెద్దాయన అబద్ధం చెప్పట్లేదు. ఇట్లా ఒరిగేవాళ్ళలో చానామందికి మెదడులో ఉండే తూకం గుండే పక్కకి జరిగి ఉంటుంది, నిలువు అంటే ఏదో మెదడు తప్పుగా లెక్క కడుతుంది, ఆ తప్పు లెక్క ప్రకారం ఆయన నిటారుగానే ఉన్నాడు. మనం నిటారుగా నిలబెడితే "నన్ను పక్కకి తోస్తాన్నారు" అంటారు, భయపడి పట్టుకుంటారు కూడా.

అందుకని నోటితో చెప్పడం వల్ల రెండు సెకన్లు సరిచేసుకుంటారు, మళ్ళీ జారిపోతారు, మీకు కోపం, ఆయనకి అవమానం. చెప్పడానికి బదులు చూపించండి. బీరువా అద్దం ముందు నిలబెట్టి, అద్దం మీద పైనుంచి కిందికి ఒక నిలువు టేపు అంటించండి, చొక్కా గుండీల వరస ఆ టేపు మీదికి తెచ్చుకోమనండి. కళ్ళకి కనబడితే సరిచేసుకుంటారు. తర్వాత కళ్ళు మూసుకుని అట్లే నిలబడమని, మళ్ళీ తెరిచి ఎంత జరిగినాడో చూసుకోమని, ఇట్లా పదిసార్లు. పక్కన మనిషి ఉండాల, కళ్ళు మూసినప్పుడు పడే ప్రమాదం ఉంది. ఆ బేల్దారాయనకి నేను అద్దం కాదు, గుండు దారమే వేలాడదీసినాను, దాన్ని చూసి "అమ్మీ, నేనే వంకర ఉండాను" అన్నాడు. ఆ రోజు నుంచి ఎక్సర్‌సైజులు మానలేదు.

మాత్రల వల్ల కూడా వస్తుందంటున్నారు, ఏ మాత్రలు?

ఇది ఈ పేజీలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్న సంగతి. ఒరుగుడు కొత్తగా, కొన్ని రోజుల్లో లేదా వారాల్లో మొదలైంది అంటే వ్యాయామం కన్నా ముందు మాత్రల సంచి నేల మీద కుమ్మరించి చూడాల. మూడు నెలల ముందు దాకా ఏ మాత్ర లేదు, ఏది కొత్తగా చేరింది, ఏ డోసు పెరిగింది.

పార్కిన్సన్స్ మందుల్లోనే కొన్ని ఉన్నాయి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి మొదలుపెట్టినాకో పెంచినాకో ఒరుగుడు వచ్చిన కేసులు డాక్టర్లు రాసినారు, రసాజిలిన్‌తో కూడా. పార్కిన్సన్స్‌కి ముఖ్యంగా ఇచ్చే లెవోడోపా మాత్ర మార్చినప్పుడు కూడా వస్తుంది, ఒక్కోసారి తగ్గించినందుకు, ఒక్కోసారి పెంచినందుకు. మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ ఇంకో గుంపు. లేనివి కనబడుతున్నాయి, రాత్రి అరుస్తాన్నాడు అని ఇచ్చే మానసిక మందుల్లో హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ పార్కిన్సన్స్ వాళ్ళకి అసలే పడవు.

కానీ మన వైపు నేను ఎక్కువగా చూసేది ఇవేవీ కాదు. గ్యాస్ మాత్ర, తలతిరుగుడు మాత్ర. మనకి ప్రతి నొప్పీ గ్యాసే కదా, మెడికల్ షాపులో పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూల్ అడిగితే చానాసార్లు దాంట్లో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది, చదవండి. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకి ఇచ్చే సిన్నారిజిన్, ఫ్లునారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ ఇవన్నీ మెదడులో డోపమిన్ పనికి అడ్డం పడతాయి, డోపమిన్ అంటే ఒళ్ళు సరిగ్గా కదలడానికి మెదడులో ఉండాల్సిన రసాయనం. పార్కిన్సన్స్ అంటేనే డోపమిన్ తక్కువ, ఒక చేత్తో డోపమిన్ మాత్ర ఇచ్చి ఇంకో చేత్తో దాన్ని ఆపే మాత్ర ఇస్తే ఏమవుతుందో మీరే చెప్పండి. అసలు పార్కిన్సన్స్ లేనివాళ్ళకి కూడా ఈ మాత్రలు నెలల తరబడి వాడితే వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. ఒకామె రెండేళ్ళు రోజూ గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటాంది, రాసిచ్చింది ఐదు రోజులకే, చీటీ పాతదైపోయి అరిగిపోయినా షాపులో ఇస్తానే ఉన్నారు.

వాంతి వచ్చినట్టుంటే పార్కిన్సన్స్‌లో మామూలుగా ఇచ్చేది డోంపెరిడోన్, అది మెదడులోకి పెద్దగా పోదు, కాని గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అది కూడా డాక్టర్‌ని అడిగే వాడాల.

అయితే ఆ మాత్రలన్నీ ఈ రోజే ఆపేయమంటారా?

వద్దు. ముఖ్యంగా సిండోపా లాంటి లెవోడోపా మాత్ర ఒక్కసారిగా ఆపితే విపరీతమైన జ్వరం, కట్టెలాగా బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. లిస్టు రాసుకుని డాక్టర్ ముందు పెట్టండి, "వీటిలో దేని వల్లైనా ఒరుగుడు రావచ్చా సార్" అని ఒక్క ప్రశ్న. పాత మాత్రలు, పక్కింటాయన ఇచ్చిన మాత్రలు, ఆకుమందు పొడి, ఏదీ దాచొద్దు.

మాత్ర మార్చితే ఎన్ని రోజులకి తగ్గుతుంది?

తొందరగా పట్టుకుంటే కొందరికి వారాల్లోనే మార్పు కనబడుతుంది. ఏళ్ళు గడిచినాక అయితే మాత్ర మార్చినా కండరం పొట్టిగా అయిపోయుంటుంది కాబట్టి అంత సులభం కాదు.

ఎవరికి చూపించాల? ఎముకల డాక్టర్‌కా?

మొదట నరాల డాక్టర్, అంటే న్యూరాలజిస్ట్. కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ ఉంది, తిరుపతి స్విమ్స్‌లో ఉంది, మనకి బెంగళూరు కూడా దగ్గరే కాబట్టి చానామంది నిమ్హాన్స్‌కి పోతారు, అక్కడ ఇట్లాంటి కదలికల జబ్బులకి వేరే క్లినిక్ ఉంది. కడపలో అయితే రిమ్స్‌లో మొదట చూపించి, అవసరమైతే అక్కణ్ణుంచి తిరుపతికి రాయించుకుంటారు. బెంగళూరుకి పోయేవాళ్ళు ఫోటోలు, మాత్రల లిస్టు, పాత చీటీలు తీసుకోకుండా పోవద్దు, తెల్లారుజామున బయల్దేరి లైన్లో నిలబడి లోపలికి పోయినాక "ఏమేం వాడుతున్నారు" అంటే "తెల్ల మాత్ర, పచ్చ మాత్ర" అంటే ఆ రోజంతా వేస్టు.

నడుం నొప్పి గట్టిగా ఉన్నా, ఎత్తు తగ్గినట్టున్నా ఎముకల డాక్టర్ కూడా చూడాల. పార్కిన్సన్స్ వాళ్ళలో ఎముకలు గుల్లబారడం ఎక్కువ, వెన్నుపూస నొక్కుకుపోయి ఉండొచ్చు, విటమిన్ డి చూపించుకోవడం మంచిది. మెడ మొదట్లోనే, జబ్బు వచ్చిన రెండు మూడేళ్ళలోనే బాగా వాలిపోయింది అంటే అది మామూలు పార్కిన్సన్స్ కాకుండా దాన్ని పోలిన వేరే జబ్బు అయ్యే అవకాశం ఉంది, న్యూరాలజిస్ట్‌కి ఈ మాట తప్పకుండా చెప్పండి.

వ్యాయామాలు ఏమి చేయాల? నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కాని నెల రోజులు చేసి ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది, అది ముందే చెప్తా ఇళ్ళల్లో. మాత్ర వేసుకుని ముప్పావు గంట నుంచి గంటైనాక, ఒళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడు చేయాల. మాత్ర పని అయిపోయిన టైంలో చేయిస్తే ఇద్దరూ అలిసిపోవడం తప్ప ఏం లేదు.

అద్దం పని పైన చెప్పినా. రెండోది గోడ. మడమలు గోడకి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి, పిరుదులు, రెండు భుజాల రెక్కలు గోడకి ఆనించి నిలబడాల. రెండు రెక్కలూ ఆనినాయా అని ఆయన్నే అడగండి, మీరు చెప్పొద్దు. కడప బండ గోడకి నిలబెట్టి ఉంటే అట్లా ఆనుకోవచ్చు, చల్లగా రెండు పక్కలా తగిలి తెలుస్తుంది, అని ఒకాయనే నాకు చెప్పినాడు, అప్పటి నుంచి నేనూ వాడుతున్నా.

మూడోది సాగదీయడం. కుడికి ఒరిగేవాళ్ళకి కుడి డొక్క పొట్టిగా అయ్యుంటుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, ఎడమ డొక్క కింద చుట్టిన దుప్పటి పెట్టి, కుడి చెయ్యి తల మీదుగా చాపితే కుడి డొక్క సాగుతుంది, ఐదు నిమిషాలు అట్లే, ఊపిరి పీల్చి వదుల్తా. ఎడమకి ఒరిగేవాళ్ళు దీన్నే తిప్పి చేసుకోండి. ముందుకి వంగేవాళ్ళకి రోజుకి రెండుసార్లు పది నిమిషాలు బోర్లా పడుకోవడం, ఊపిరాడకపోతే ఛాతీ కింద దిండు. బలానికి వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకి లేపడం.

నడిచేటప్పుడు ముందుకి వంగేవాళ్ళకి మామూలు వాకర్ ఇస్తే అది పట్టుకోవడానికి ఇంకా వంగుతారు, కొనేసి తర్వాత బాధపడతారు. మోచేతులు ఆనించే ఎత్తు వాకర్ వాళ్ళకి పనికొస్తుంది. వీపు కింది భాగానికి వేలాడేటట్టు కొంచెం బరువున్న బ్యాగు తగిలిస్తే కొందరు నిటారవుతారు, పక్కకి ఒరిగేవాళ్ళకి మాత్రం ఇది నేను చెప్పను. చేతికర్ర అయితే నిలబడినప్పుడు మణికట్టు ఎత్తుకి ఉండాల, పొట్టి కర్ర ఇంకా ఒరిగేటట్టు చేస్తుంది.

బెల్టు వేయొచ్చా?

నడుం బెల్టు గట్టిగా బిగిస్తే ఊపిరాడదు, బలహీనంగా ఉన్న కండరం ఇంకా సోమరి అవుతుంది. పెళ్ళికో ప్రయాణానికో రెండు మూడు గంటలు సరే, పొద్దున్నుంచి రాత్రి దాకా వద్దు.

పుత్తూరు కట్టు, నూనె మర్దన?

కట్టు విరిగిన ఎముకకి, ఇక్కడ విరిగిందేమీ లేదు. గోరువెచ్చని నూనెతో మెల్లగా మర్దన చేస్తే బిగువు తగ్గి హాయిగా ఉంటుంది, చేసుకోండి. కాని వీపు మీద ఎక్కి తొక్కించడం, "లటుక్కు" అనిపించడం మాత్రం చేయించొద్దు, ఎముకలు గుల్లబారి ఉంటాయని చెప్పినా కదా.

బోటాక్స్ ఇంజెక్షన్ అంటున్నారు, ముఖానికి వేసేదే కదా అది?

అదే మందు, వేరే పని. బిగుసుకున్న కండరాన్ని గుర్తుపట్టి దాంట్లోకి వేస్తే అది వదులవుతుంది, ఒకటి రెండు వారాల్లో పని మొదలై మూడు నెలల దాకా ఉంటుంది. ఏ కండరం బిగుసుకుందో చూడకుండా వేస్తే వృథా, ఒక్కోసారి ఒరిగిన పక్క కాకుండా రెండో పక్క కండరం గట్టిగా ఉంటుంది, అది ఒరగకుండా పట్టుకోవడానికి కష్టపడుతుండే కండరం, దాన్ని వదులు చేస్తే ఇంకా పడిపోతాడు. అందుకే కండరం ఎంత పనిచేస్తాందో చూపించే ఈఎంజీ పరీక్షో అల్ట్రాసౌండో చూసుకుంటా వేసేవాళ్ళ దగ్గరికే పోండి. ఇంజెక్షన్ వేయించుకుని ఫిజియో మానేస్తే డబ్బులు పోయినట్టే, రెండూ కలిపి చేసినవాళ్ళకి ఫలితం బాగుంది.

మెదడులో కరెంటు పెట్టే ఆపరేషన్? వెన్నుకి రాడ్లు?

మొదటిది డీబీఎస్. వణుకుకి, బిగువుకి బాగా పనిచేసే ఆపరేషనే, కాని ఒరుగుడు ఒక్కదాని కోసం చేయించుకుంటే కొందరికి మెరుగైంది, కొందరికి ఏ మార్పూ లేదు. రాడ్ల ఆపరేషన్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తా, ఆఖరి దారి అది. పార్కిన్సన్స్ వాళ్ళలో వెన్ను ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు, స్క్రూలు వదులైపోవడం, మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి రావడం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ. ఎముకని సరిచేస్తారు, మెదడు పంపే తప్పు లెక్క అట్లే ఉంటుంది కదా. పార్కిన్సన్స్ తెలిసిన న్యూరాలజిస్ట్‌ని అడగకుండా సంతకం పెట్టొద్దు.

తిండి మార్చాలా?

ఒరుగుడుకి పథ్యం ఏం లేదు. కాని లెవోడోపా మాత్ర, మాంసకృత్తులు పేగులో ఒకే దారి కోసం కొట్లాడుకుంటాయి, కాబట్టి మాత్ర తిండికి అరగంట నుంచి గంట ముందు. మధ్యాహ్నం సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి, పప్పు, ఆదివారమైతే నాటుకోడి, ఇవి తిన్న వెంటనే మాత్ర వేసుకుని "పని చేయట్లేదు" అనేవాళ్ళు ఎక్కువ. ఇష్టమైంది మానొద్దు, టైం మార్చుకోండి. రక్తానికి వేసుకునే ఐరన్ మాత్ర కూడా రెండు గంటలు ఎడంగా.

తినేటప్పుడు ఒరిగి కూర్చుంటే ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. ఒరిగిన పక్క డొక్క దగ్గర దిండు కూరి, కాళ్ళు నేలకి ఆనించి, కుర్చీలో కూర్చోబెట్టి పెట్టండి. నేల మీద బాసిపట్టు అలవాటు ఉన్నవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పించాల. తిన్నప్పుడల్లా దగ్గు వస్తుంటే, గొంతు తడితడిగా మారుతుంటే డాక్టర్‌కి చెప్పండి. బాగా వంగినవాళ్ళకి ఊపిరితిత్తులు నొక్కుకుని ఆయాసం కూడా వస్తుంది.

బండి వెనక కూర్చోబెట్టుకుని పోవచ్చా?

వద్దండీ. మలుపులో మీరు ఒక పక్కకి వంపితే ఆయన ఇంకో పక్కకి ఒరిగి ఉంటాడు, ఇద్దరూ కింద ఉంటారు. ఆటోలో పోండి, ఒరిగే పక్కన మీరు కూర్చోండి.

పింఛను వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది, ఇది చానామందికి తెలియదు, సచివాలయంలో కూడా ఒక్కోసారి మనమే చెప్పాల్సి వస్తుంది. సదరం క్యాంపులో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ అని సర్టిఫికెట్ వస్తే పింఛనుకి అర్జీ పెట్టుకోవచ్చు, మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000. క్యాంపుకి పోయేటప్పుడు న్యూరాలజిస్ట్ రాసిన చీటీ, ఆ దారం ముందు తీసిన ఫోటోలు తీసుకుపోండి.

ఏ పరిస్థితిలో వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల?

రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి ఒరిగిపోతే, ఒరుగుడుతో పాటు ఒక పక్క కాలు చెయ్యి పడిపోతే లేదా మూతి వంకర పోతే, పడినాక నడుం నొప్పితో లేవలేకపోతే, ఒంటికో రెంటికో పట్టు తప్పితే. ఇవి పార్కిన్సన్స్ మీద తోసేసి ఇంట్లో కూర్చునేవి కాదు.

వచ్చే నెల మనవరాలి పెండ్లి. అక్షింతలు వేసే టైంకి నిటారుగా ఉండాలని ఆయన ఆశ. ఏమన్నా చేయొచ్చా?

ఇది నన్ను నిజంగా అడిగినారు, ఆ బేల్దారాయనే. ముహూర్తం టైం కనుక్కుని, డాక్టర్‌ని అడిగి ఆ రోజు మాత్ర టైం దానికి గంట ముందుకి పడేటట్టు సర్దుకోండి. ముందు రోజు ఎక్కువ తిప్పొద్దు, నిద్ర పోనివ్వండి. పొద్దున డొక్క సాగదీసే పని పది నిమిషాలు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, రెండు చేతులున్న గట్టి చెక్క కుర్చీ, ఒరిగే పక్క కండువాలో చుట్టిన దిండు, బయటికి కనబడదు. అక్షింతలు వేయడానికి లేచినప్పుడు ఒరిగే పక్కన కొడుకు నిలబడి చెయ్యి పట్టుకోకుండా భుజం ఆనించాల. ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి, లేచిన మొదటి అర నిమిషంలోనే తీయమని.